ఆర్టీఎక్స్ 4090, లినక్స్: డ్రైవర్ కంటే కేబులే ఎక్కువ ఏడిపించింది

కార్డు పెట్టెలోంచి తీసి క్యాబినెట్ పక్కన పెట్టి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఈ 4090 గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మలు గీసేది) పెద్దదని చదివాను, ఫొటోల్లో చూశాను, అయినా చేతిలోకి తీసుకున్నాక గానీ ఎంత పెద్దదో బుర్రకెక్కలేదు. ఎన్విడియా సొంతంగా అమ్మిన మోడలే 304 మిల్లీమీటర్ల పొడవు, మూడు స్లాట్ల మందం. నాది అదే చిప్పు మీద వేరే కంపెనీ తయారు చేసింది, ఇంకా పొడుగు, బరువు 2 కిలోల పైమాటే. 2022 అక్టోబరులో వచ్చిన కార్డు, 2025 జనవరిలో దీని తర్వాతి తరం 5090 కూడా వచ్చేసింది, ఇప్పుడు దీని మీద రివ్యూ ఏంటి అంటారా? లినక్స్ వాళ్ళకి ఇప్పుడే కావాలి. వచ్చిన కొత్తలో లినక్స్‌లో దీని సంగతి వేరు, ఈ రెండు మూడేళ్ళలో డ్రైవర్ (కార్డుని సిస్టంతో మాట్లాడించే ప్రోగ్రాం) మారిన తీరు వేరు. పైగా ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చాలామంది కొంటున్నారు, నేనూ అలాగే కొన్నా.

నా వాడకం ఏంటంటే పగలు బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే ప్రోగ్రాం), మధ్యలో సొంత మెషీన్ మీదే నడిపే ఏఐ మోడళ్ళు, రాత్రిపూట కాసేపు గేములు. విండోస్ అసలు లేదు, డ్యూయల్ బూట్ కూడా లేదు. తీర్పు ముందే చెప్పేస్తా: కార్డు బ్రహ్మాండం, డ్రైవర్ జనం భయపెట్టినంత రాక్షసి కాదు, నా ప్రాణం తీసినవన్నీ ఆ రెండింటి చుట్టూ ఉన్న చిల్లర విషయాలు.

మొదటి దెబ్బ క్యాబినెట్ దగ్గరే తగిలింది. దాని స్పెసిఫికేషన్లలో ఎంత పొడవు కార్డు పడుతుందో ఒక అంకె వేశారు. దాంట్లోంచి నా కార్డు పొడవు తీసేస్తే ఇంకా 20 మిల్లీమీటర్లు మిగులుతోంది కదా అని నిశ్చింతగా ఉన్నా. తీరా చూస్తే ఆ అంకె ముందువైపు ఫ్యాన్లు లేనప్పటిది. మామూలు క్యాబినెట్ ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు, నాకు మిగిలింది 20. ఆ ముక్క వాళ్ళు ఎక్కడా రాయలేదు. (కంపెనీ పేరు అనవసరం.) చివరికి ముందు ఫ్యాన్ ఒకటి ఊడదీసి పైన బిగించి కార్డు దూర్చాను. దూరింది సరే, రెండో చివర కిందకి వాలుతోంది. ఇంత బరువు ఒక్క స్లాటు మీద వేలాడదీయకండి, పెట్టెలో సపోర్టు రాడ్డు ఇస్తే అది వాడండి, ఇవ్వకపోతే ఏదైనా గట్టి ప్లాస్టిక్ ముక్క కింద నిలబెట్టినా చాలు.

ఇక ఆ కేబుల్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే డ్రైవర్ తప్పు చేస్తే మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఇది తప్పు చేస్తే కాలిపోయేది కార్డే. పాత కార్డుల్లో ఉండే 8 పిన్నుల పవర్ కనెక్టర్లు కాకుండా దీనికి ఒకటే చిన్న కనెక్టర్, 16 పిన్నులు. పన్నెండు కరెంటుకి, మిగతా నాలుగు చిన్నవి ఎంత పవర్ తీసుకోవచ్చో కార్డుకి చెప్పడానికి. 450 వాట్లు ఆ చిన్న ప్లగ్గులోంచే వెళ్ళాలి. కార్డు వచ్చిన నెలలోనే కొందరికి ఈ ప్లగ్గు కరిగిపోయిందని ఫొటోలు బయటికొచ్చాయి. ఆ నవంబరులో ఎన్విడియా తమ దృష్టికి దాదాపు 50 కేసులు వచ్చాయని, ఎక్కువగా కనిపిస్తున్న కారణం కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్ళకపోవడమేనని చెప్పింది. తర్వాత 2023లో ఇదే కనెక్టర్‌ని 12వీ-2×6 పేరుతో సవరించారు, సరిగ్గా దిగకపోతే కార్డు ఆన్ కాకుండా ఉండేలా ఆ నాలుగు చిన్న పిన్నుల్ని పొట్టి చేశారు. అంటే తప్పు మొత్తం వాడేవాళ్ళదే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సరిగ్గా దిగిందో లేదో తెలియని ప్లగ్గు చేసినవాళ్ళదీ కొంత ఉంది.

నేను చేసిన పని ఇదీ. కార్డు లోపల బిగించేశాక, చెయ్యి పట్టని సందులో, టార్చి నోట్లో పెట్టుకుని కేబుల్ నొక్కా. గట్టిగా నొక్కా. క్లిక్కుమన్న శబ్దం రాలేదు, అయినా లాగితే ఊడటం లేదు కాబట్టి దిగిందనుకున్నా. కంప్యూటర్ ఆన్ అయింది, తెర మీద బొమ్మ వచ్చింది, అంతా బావుంది. మూత పెట్టబోతూ ఎందుకో అనుమానమొచ్చి పక్కనుంచి టార్చి వేసి చూస్తే ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య సన్నటి గీత, మహా అయితే మిల్లీమీటరు, దాంట్లోంచి వెలుతురు అవతలికి పోతోంది. గుండె గుభేలుమంది. వెంటనే ఆపేసి కార్డు బయటికి తీసి, బల్ల మీద పెట్టి కేబుల్ దిగేదాకా నొక్కి, అప్పుడు కేబుల్‌తో సహా లోపల బిగించా. ఈ క్రమం గుర్తు పెట్టుకోండి: ముందు కేబుల్, తర్వాత కార్డు. కేబుల్‌ని ప్లగ్గు మొదట్లోనే వంచకండి, కాస్త తిన్నగా వచ్చాక తిప్పండి, పక్క అద్దం దాన్ని అదమకుండా చూసుకోండి. పెట్టెలో వచ్చే నాలుగు తలల అడాప్టర్ వాడితే పవర్ సప్లై నుంచి నాలుగు విడివిడి కేబుళ్ళు తగిలించండి, ఒకే కేబుల్‌కున్న రెండు తలలతో లెక్క సరిపెట్టొద్దు. పవర్ సప్లై కనీసం 850 వాట్లని ఎన్విడియా చెప్పింది, నాది 1000.

బయోస్‌లో రెండు పనులు: అబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చూడగలిగేలా చేసేవి), రెండూ ఆన్. ఆన్ అయ్యాయో లేదో తర్వాత లినక్స్‌లో చూసుకోవచ్చు, ఎన్విడియా-ఎస్ఎంఐ కమాండ్‌లో వివరాలన్నీ అడిగితే బార్1 మెమరీ అని ఒక వరస వస్తుంది. అక్కడ 32 జీబీకి దగ్గర అంకె ఉంటే ఆన్, 256 ఎంబీ అని ఉంటే ఆఫ్. ఇంకో మాట, మానిటర్ వైరు కొత్త కార్డుకి పెట్టారా, అలవాటుగా మదర్‌బోర్డుకే పెట్టారా చూసుకోండి. నవ్వకండి, నేను పెట్టా.

డ్రైవర్ దగ్గరికి వద్దాం. లినక్స్, ఎన్విడియా అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందు వేలు చూపించి ఎన్విడియాని తిట్టిన సంఘటన. ఆ కోపానికి అప్పట్లో కారణముంది. కానీ 2022 మే నెలలో ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూళ్ళ (డ్రైవర్‌లో లినక్స్ లోపల నడిచే భాగం) సోర్సు బయటపెట్టింది, 515 డ్రైవర్‌తో మొదలైంది. 2024లో వచ్చిన 560 నుంచి, ట్యూరింగ్ అనే తరం, ఆ తర్వాతి కార్డులకి (4090 కూడా వీటిలోదే) ఆ ఓపెన్ మాడ్యూళ్ళనే ముందుగా ఎంచే ఏర్పాటు చేశారు. 5090 లాంటి కొత్త కార్డులకైతే అవి తప్ప వేరేవి పనిచేయవు. అలాగని మొత్తం డ్రైవర్ ఓపెన్ అయిపోయిందనుకోకండి, ఓపెన్‌జీఎల్, వల్కన్ (ఈ రెండూ బొమ్మలు గీయించేవి), క్యూడా (మన 'కూడా' కాదు, కార్డు మీద లెక్కలు చేయించే ఎన్విడియా వ్యవస్థ) లాంటి పై భాగం ఇంకా మూసిన పెట్టే.

ఎలా ఇన్‌స్టాల్ చేయాలి అంటే నా దగ్గర ఒకటే సమాధానం: మీ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) ఇచ్చే ప్యాకేజీ. ఉబుంటులో అదనపు డ్రైవర్ల కిటికీ తెరిచి ఓపెన్ అని ఉన్న కొత్త వెర్షన్ నొక్కితే చాలు. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల భాండారం కలుపుకుని అక్కడిది తీసుకోవాలి. ఒక్క జాగ్రత్త, ఫెడోరాలో ప్యాకేజీ దిగిపోయిందని వెంటనే రీబూట్ కొట్టకండి, వెనకాల మాడ్యూల్ తయారవుతూ ఉంటుంది, ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. ఎన్విడియా సైట్ నుంచి ఫైలు దించి చేత్తో నడిపించే పద్ధతి కూడా ఉంది. పాత కార్డుతో నేను ఏళ్ళ తరబడి అదే చేశాను, ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ నల్లటి తెర చూస్తూ, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టి టెర్మినల్లోకి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి. అది వీరత్వం అనుకునేవాణ్ణి. డిస్ట్రో ప్యాకేజీ అయితే కెర్నల్ మారినప్పుడు మాడ్యూల్ కూడా దానంతటదే చూసుకుంటుంది. మాడ్యూల్‌ని మీ మెషీన్ మీదే తయారు చేసే డీకేఎంఎస్ పద్ధతిలో అయితే కెర్నల్ హెడర్లు కూడా ఇన్‌స్టాల్ అయి ఉండాలి, అంతే.

మరి నేను ఎక్కడ పడ్డాను? సెక్యూర్ బూట్, అంటే నమ్మిన సంతకం లేనివాటిని బూట్‌లో ఆపే తాళం. ఇన్‌స్టాల్ మధ్యలో ఓ పెట్టె వచ్చి పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టా. రీబూట్ అన్నా, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా. ఈలోపు నీలం తెర ఒకటి వచ్చి, ఏదో ఒక కీ నొక్కమని పది నుంచి కిందకి లెక్కపెడుతుంది. నేను తలెత్తేసరికి రెండు అని ఉంది, కీబోర్డు అందుకునేలోపు మాయమైంది. పోయింది. సిస్టం మామూలుగానే బూట్ అయింది గానీ అక్షరాలు పలకల్లా ఉన్నాయి, కిటికీ జరిపితే బురదలో లాగినట్టుంది. సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అని ఉన్నచోట ఎల్‌ఎల్‌వీఎం పైప్ అని కనిపించింది, అంటే బొమ్మలు గీస్తున్నది ప్రాసెసర్. 24 జీబీ మెమరీ, 16,384 క్యూడా కోర్లున్న కార్డు లోపల ఊరికే కూర్చుంది, పాపం ప్రాసెసర్ చెమటోడ్చి డెస్క్‌టాప్ గీస్తోంది. డ్రైవర్ తీసేసి వేశా, మళ్ళీ తీసేసి వేశా, రెండు గంటలు. చివరికి మాడ్యూల్‌ని చేత్తో లోడ్ చేయబోతే టెర్మినల్ అసలు సంగతి చెప్పింది, కీ తిరస్కరించబడిందని. డ్రైవర్‌లో లోపమేమీ లేదు, దాని సంతకాన్ని నమ్మమని మదర్‌బోర్డుకి నేను చెప్పలేదు, అంతే. ఎంఓకే యుటిల్ అనే కమాండ్‌తో ఆ కీని మళ్ళీ ఇంపోర్ట్ చేసి, రీబూట్ కొట్టి, ఈసారి చెయ్యి కీబోర్డు మీద పెట్టుకుని రెప్ప వేయకుండా కూర్చున్నా. ఎన్‌రోల్ ఎంఓకే, పాస్‌వర్డ్, అయిపోయింది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేసుకోమని చాలామంది సలహా ఇస్తారు, అదీ పనిచేస్తుంది, కానీ పది సెకన్ల పనికి తాళం తీసి పారేయడం నాకు నచ్చలేదు.

వేలాండ్ (లినక్స్‌లో కిటికీలని తెర మీద చూపించే కొత్త పద్ధతి) గురించి అడగని వాళ్ళుండరు. ఒకప్పుడు ఎన్విడియా కార్డులతో వేలాండ్‌లో కిటికీలు మిణుకుమిణుకుమనేవి, పాత ఫ్రేము ఒకటి మధ్యలో దూరి వెళ్ళేది. 2024 జూన్‌లో స్థిరంగా వచ్చిన 555 డ్రైవర్‌లో ఎక్స్‌ప్లిసిట్ సింక్ (ఫ్రేము పూర్తయ్యాకే చూపించే ఏర్పాటు) చేరింది, అదే నెలలో వచ్చిన ప్లాస్మా 6.1 డెస్క్‌టాప్ కూడా దాన్ని అందుకుంది, గ్నోమ్ డెస్క్‌టాప్ 46.1లో అప్పటికే ఉంది. ఆ తర్వాతి వెర్షన్లు ఏవి వాడినా నాకు ఆ మిణుకు కనిపించలేదు. మీ డిస్ట్రో ఇంకా 535 దగ్గరే ఉంటే మాత్రం కొత్తది ఎంచుకోండి. పెద్ద టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపే వాళ్ళకి ఇంకో లాభం: హెచ్‌డీఎంఐ 2.1 ఇందులో లినక్స్‌లోనూ పనిచేస్తుంది. ఏఎండీ తన ఓపెన్ డ్రైవర్‌లో ఇది పెట్టడానికి అనుమతి అడిగితే హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదని 2024 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. మూసిన పెట్టె ఉపయోగపడిన అరుదైన సందర్భం.

స్లీప్ విషయంలో కాస్త చెయ్యి పెట్టాల్సి ఉంటుంది. మామూలుగా డ్రైవర్ నిద్రపోయే ముందు వీడియో మెమరీలో ఉన్నదంతా దాచదు. లేచాక బొమ్మలు చెదిరినట్టు కనిపించడం, బ్లెండర్ మూసుకుపోవడం దానివల్లే. మొత్తం మెమరీని దాచమని చెప్పే ఆప్షన్ డ్రైవర్ రీడ్‌మీలోనే ఉంది, దాంతోపాటు సస్పెండ్, రిజ్యూమ్ సర్వీసులు రెండూ ఆన్ చేయాలి. కొన్ని డిస్ట్రోలు ఇది ముందే పెట్టి ఇస్తాయి. ఒక మెలిక: దాచడం అంటే ఒక ఫైల్లో రాయడం, 24 జీబీ నిండా మోడల్ ఎక్కించి ఉంటే అంత చోటూ కావాలి. దాచే చోటు ర్యామ్‌లో నడిచే తాత్కాలిక ఫోల్డర్ అయితే పని చెడుతుంది, డిస్క్ మీదున్న ఫోల్డర్‌కి మార్చండి. మార్చాక నాకు స్లీప్ సమస్య మళ్ళీ రాలేదు.

పవర్. నిజానికి 450 వాట్లు దీనికి అక్కర్లేదు అనేది నా గట్టి అభిప్రాయం. ఎన్విడియా-ఎస్ఎంఐలో పవర్ లిమిట్ ఆప్షన్‌తో నేను 320కి దించా. బ్లెండర్ రెండర్లలో తేడా గడియారం పెట్టి చూస్తే తప్ప తెలియడం లేదు, గదిలో తేడా మాత్రం ఒంటికి తెలుస్తోంది, ఫ్యాన్ల గోల కూడా తగ్గింది. రీబూట్ చేస్తే ఆ లిమిట్ పోతుంది కాబట్టి బూట్ అయ్యేటప్పుడు నడిచే చిన్న సిస్టం-డీ సర్వీసు రాసుకోండి, నాలుగైదు వరసల పని. ఫ్యాన్లు, క్లాకులు (చిప్పు వేగం) కిటికీలోంచి మార్చుకోవాలంటే లాక్ట్ అనే ప్రోగ్రాం ఉంది, మొదట ఏఎండీ కోసం వచ్చింది, ఇప్పుడు ఎన్విడియాకీ పనిచేస్తుంది, వేలాండ్‌లో కూడా. విండోస్ వాళ్ళలా వోల్టేజీ గీతని మౌస్‌తో లాగి సరిచేసుకునే సుఖం ఇక్కడ లేదు, క్లాక్ ఆఫ్‌సెట్‌తో సరిపెట్టుకోవాలి.

పని చేసుకునేటప్పుడు బయటపడే చిన్నచిన్నవి కొన్ని. ఎన్విడియా-ఎస్ఎంఐ పైన కుడివైపు క్యూడా వెర్షన్ అని ఒక అంకె చూపిస్తుంది, అది మీ దగ్గర క్యూడా ఉందని కాదు, ఈ డ్రైవర్ అంతదాకా మోయగలదని. ఏఐ మోడళ్ళు నడిపే పైటార్చ్‌కి కావాల్సిన క్యూడా దాని ప్యాకేజీలోనే వస్తుంది, దానికోసం విడిగా గిగాబైట్ల టూల్‌కిట్ దించుకోవద్దు. డ్రైవర్ అప్‌డేట్ అయి రీబూట్ చేయకపోతే వెర్షన్లు కలవట్లేదని ఎర్రర్ వస్తుంది, కంగారు పడకుండా రీబూట్ కొట్టండి. ప్రోగ్రాంని విడి పెట్టెలో నడిపే ఫ్లాట్‌ప్యాక్‌లో స్టీమ్, బ్లెండర్ వాడేవాళ్ళు డ్రైవర్ మారినప్పుడల్లా ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ కూడా చేయాలి, దాని లోపల డ్రైవర్ లైబ్రరీలు వేరేగా ఉంటాయి, రెండూ ఒకే వెర్షన్ కాకపోతే లోపల కార్డే కనిపించదు. ఇంకోటి, ఖాళీగా ఉన్నప్పుడు ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌లో కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య లింక్ వేగం 2.5 అని, డౌన్‌గ్రేడెడ్ అని కనిపిస్తే కార్డు పాడైందనుకుని నాలా రాత్రంతా మేలుకోకండి. పని లేనప్పుడు పవర్ ఆదా కోసం అదే తగ్గించుకుంటుంది, రెండర్ మొదలుపెట్టి మళ్ళీ చూస్తే 16 అని ఉంటుంది.

ఇంత చేశాక వచ్చిందేమిటంటారా? బ్లెండర్‌లో ఆప్టిక్స్ (ఎన్విడియా సొంత రెండరింగ్ పద్ధతి) ఎంచుకుంటే లినక్స్‌లో ఏ పేచీ లేకుండా నడుస్తుంది, అంతకుముందు రాత్రి పెట్టి పొద్దున చూసుకునే రెండర్లు ఇప్పుడు కళ్ళ ముందే అయిపోతున్నాయి. 24 జీబీలో 32 బిలియన్ పారామీటర్ల మోడల్ నాలుగు బిట్లకి కుదించి మొత్తం కార్డులోనే పడుతుంది. 70 బిలియన్లది అదే కుదింపుతో కూడా పట్టదు, కొంత ర్యామ్‌లోకి పోయి నత్తనడక నడుస్తుంది, ఆ ఆశతో మాత్రం కొనకండి. తెర రికార్డు చేసే ఓబీఎస్‌లో ఏవీ1 వీడియో రికార్డింగ్ కార్డు మీదే జరుగుతుంది, గేము నడుస్తున్నా నాకు తేడా తెలియలేదు. గేముల్లో, విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌తో వల్కన్ ఆటలు హాయిగా ఉన్నాయి. డైరెక్ట్ఎక్స్ 12 ఆటల్లో చాలావాటికి ఎన్విడియా కార్డుల మీద విండోస్ కంటే లినక్స్‌లో వేగం కొంత తగ్గడం అందరికీ తెలిసిన విషయమే. 4090కి దమ్ము ఎక్కువ కాబట్టి ఆడటానికి ఇబ్బంది లేదు, కానీ పెట్టిన డబ్బుకి ఒళ్ళు మండుతుంది.

అందుకే కేవలం ఆటల కోసమైతే నేను దీన్ని కొనమనను. ఏఎండీ 7900 ఎక్స్‌టీఎక్స్‌కి కూడా 24 జీబీ మెమరీ ఉంది, 355 వాట్లు, మామూలు 8 పిన్నుల ప్లగ్గులే, డ్రైవర్ కెర్నల్లోనే ఉంటుంది, ఈ సంతకాలు, నీలం తెరలు ఏమీ లేవు. పెట్టుకో, ఆడుకో. రెండరింగ్, ఏఐ పని ఉన్నవాళ్ళకి మాత్రం క్యూడా, ఆప్టిక్స్ ముందు వేరే మాట లేదు.

నా కార్డుకి ఒక రోగం ఉంది, కాయిల్ గోల. లోడ్ పడగానే సన్నగా కీచుమంటుంది, పవర్ లిమిట్ తగ్గించాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటున్నా.

ఐదుకి నాలుగు. ఆ తగ్గించిన ఒక్కటీ ప్లగ్గుకి. ఇన్నాళ్ళయినా వారానికోసారి టార్చి వేసి ఆ సందు చూసుకుంటూనే ఉన్నా.